నాగార్జునకొండ: భిక్షువులకు గదులు కట్టించినవాళ్ళు

సభకు నమస్కారం.

నాగార్జునకొండ అనగానే అందరూ మహాచైత్యం, అంటే అక్కడి పెద్ద బౌద్ధ స్తూపం దగ్గర ఆగిపోతారు. నేను ఇవాళ మిమ్మల్ని భిక్షువుల గదుల దగ్గరికి తీసుకెళ్తాను. మధ్యలో స్తంభాల మండపం, దాని మూడు వైపులా వరసగా చిన్న చిన్న గదులు. క్రీ.శ. 3, 4 శతాబ్దాల్లో, ఇక్ష్వాకుల కాలంలో, వాళ్ళ రాజధాని విజయపురి ఉన్న ఈ లోయలో ఇలాంటి విహారాలు, అంటే భిక్షువుల నివాసాలు, చాలా వెలిశాయి.

ఆ గదిలో ఉండే మనిషికి సొంతమని చెప్పుకోదగ్గవి ఎనిమిదే వస్తువులు: మూడు చీవరాలు (భిక్షువు కట్టుకునే వస్త్రాలు), భిక్షాపాత్ర, నడికట్టు, మంగలికత్తి, సూది, నీళ్ళు వడకట్టుకునే గుడ్డ. వినయ నియమాల, అంటే భిక్షువుల నడవడిక నియమాల ప్రకారం అతను బంగారం, వెండి ముట్టకూడదు. నేల తవ్వకూడదు. ఇవాళ్టి అన్నం రేపటికి దాచకూడదు, మధ్యాహ్నం దాటాక తినకూడదు. వానాకాలం మూడు నెలలు మాత్రం ఒకేచోట ఉండి తీరాలి. మరి అతని అన్నం ఎవరు పెట్టాలి? అతని తలమీద కప్పు ఎవరు వేయాలి? భిక్షువు జీవితమంతా ఊరివాళ్ళ మీద ఆధారపడేలా ఆ నియమాలను అల్లారు. లోకాన్ని పూర్తిగా వదిలేసి వెళ్ళిపోయే దారి అందులో లేదు.

విజయపురిలో ఆ భారం ఎత్తుకున్నది ఎక్కువగా స్త్రీలు. ఇక్ష్వాకు రాజు చాంతమూల మహారాజు అశ్వమేధం చేసిన వైదికుడు. ఆయన సోదరి చాంతిసిరి మహాచైత్యం కట్టించింది. చాంతమూలుడి కొడుకు వీరపురుషదత్తుడి కూతురు, వనవాసి రాజు భార్య కొడబలిసిరి మహీశాసకులనే బౌద్ధ శాఖవారికి విహారం ఇచ్చింది. వీళ్ళంతా రాజకుటుంబం వాళ్ళు, సరే. నాకు అందరికంటే ఇష్టమైనది గోవగామ నివాసి బోధిసిరి. ఆమె రాణి కాదు, ఒక ఉపాసిక, అంటే ఇంట్లోనే ఉంటూ బౌద్ధాన్ని పాటించే స్త్రీ.

వీరపురుషదత్తుడి 14వ పాలనా సంవత్సరంలో వేయించిన ఆమె ప్రాకృత శాసనం చదువుతుంటే ఇంటి ఖర్చుల పద్దు చూసినట్టు ఉంటుంది. సింహళ విహారంలో బోధివృక్షానికి ప్రాసాదం. మహాధమ్మగిరిలో ఒక గది. దేవగిరిలో ధ్యానశాల. పూర్వశైలంలో చెరువు, మండపం. కంటకసేలలో, అంటే మన ఘంటసాలలో, మహాచైత్యం తూర్పు వాకిట రాతి మండపం. హిరుముఠువలో మూడు గదులు, పాపిలలో ఏడు గదులు. చుళధమ్మగిరి మీది చైత్యగృహమైతే (స్తూపమున్న పూజామందిరం) తామ్రపర్ణి, అంటే సింహళం నుంచి వచ్చిన స్థవిరుల, అంటే పెద్ద భిక్షువుల కోసం. కాశ్మీరం, గాంధారం, చైనా దాకా ధర్మాన్ని చేర్చిన ఆచార్య పరంపర వాళ్ళదని ఆమె గర్వంగా చెక్కించింది. ఆ పుణ్యంలో పుట్టింటివాళ్ళను, అత్తింటివాళ్ళను పేరుపేరునా కలుపుకుంది. పని చూసిన ముగ్గురు స్థవిరుల పేర్లు రాయించింది. రాయి చెక్కిన శిల్పి విధికుడి పేరు కూడా వదల్లేదు. కూలి ఇచ్చి చేయించుకున్న పనివాడి పేరు తన పేరుతో సమంగా రాతి మీద ఉండనిచ్చిన ఆ మనసు నన్ను కదిలిస్తుంది.

1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం బృందం ఆ లోయను తవ్వింది. కొన్ని కట్టడాలను కొండ మీదికీ, జలాశయం ఒడ్డునున్న అనుపుకీ తరలించారు. లోయ నీళ్ళ కిందికి వెళ్ళిపోయింది.

ఉపాధ్యాయులు ఈ సభలో చాలామంది ఉన్నారు. మీకు నాదొక విన్నపం. ఇక్ష్వాకుల పాఠం చెప్పే రోజున రాజుల పేర్లతో పాటు బోధిసిరి దానాల జాబితాను పిల్లలచేత గట్టిగా చదివించండి. విధికుడి పేరు వచ్చేదాకా చదివించండి.