రైతు ప్రధానమంత్రి ఓమందూరు రామస్వామి రెడ్డియార్

శ్రోతలకు నమస్కారం.

చెన్నైలో అన్నా సాలై మీద ఓమందూరార్ ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. ముందు సచివాలయం కోసం కట్టిన భవనం, తర్వాత ఆసుపత్రి అయింది. నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వైద్యానికి మద్రాసు వెళ్ళేవాళ్ళలో చాలామంది ఆ బోర్డు చూసే ఉంటారు. ఆ పేరు గల మనిషి ఒక రైతు. ఆ రైతు మన కోస్తా జిల్లాలనూ రాయలసీమనూ రెండేళ్ళు పరిపాలించాడన్న సంగతి మాత్రం మనకు పెద్దగా గుర్తు లేదు. ఈ రోజు ఆయన గురించి మాట్లాడతాను.

ఓమందూరు రామస్వామి రెడ్డియార్ 1895లో పుట్టారు. దక్షిణ ఆర్కాటు జిల్లాలో తిండివనం దగ్గర ఓమందూరు అనే పల్లె ఆయనది. సేద్యం చేసుకునే కుటుంబం. గాంధీగారి పిలుపుతో కాంగ్రెసులోకి వచ్చారు, జైలుకు వెళ్ళారు. రమణ మహర్షి అంటే అపారమైన భక్తి. పదవి కోసం తిరిగిన మనిషి కాదు. 1947 మార్చిలో మద్రాసు కాంగ్రెసు శాసనసభ్యులు టంగుటూరి ప్రకాశం గారిని దించేశారు. ఆ స్థానంలో ఎవరిని కూర్చోబెట్టాలన్నప్పుడు కామరాజు వర్గం ఈ రైతును ముందుకు తెచ్చింది. అప్పట్లో రాష్ట్ర ముఖ్యమంత్రిని ప్రధానమంత్రి అనేవారు. స్వాతంత్ర్యం వచ్చిన రోజున మద్రాసు ప్రధానమంత్రి ఆయనే.

మనం ఆయన్ని మరిచిపోవడానికి ఇదే ఒక కారణమేమోనని నాకు అనిపిస్తుంది. మన ప్రకాశం పంతులు గారి తర్వాత వచ్చినవాడు కదా, ఆయన్ని మనవాడిగా చూసుకోలేదు. అందులో మనకు కొంత బాధ ఉంది, ఆ బాధ న్యాయమైనదే. కానీ ప్రకాశం గారు మొదలుపెట్టిన ఒక పనిని పూర్తి చేసింది ఈ ఓమందూరు వాడే. నేను చెప్పాలనుకున్న కథ అదే.

ఆ కథకు ముందు జమీందారీ ఊరు ఎలా ఉండేదో చెప్పుకోవాలి. 1802లో కంపెనీవాళ్ళు మద్రాసు రాజధానిలో శాశ్వత శిస్తు పద్ధతి తెచ్చారు. జమీందారు సర్కారుకు కట్టాల్సినదాన్ని పేష్కష్ అన్నారు. ఆ పేష్కష్ ఒకసారి నిర్ణయిస్తే ఇక మారదు. వందేళ్ళయినా అంతే. మరి రైతు జమీందారుకు కట్టే శిస్తు? దానికి అలాంటి కట్టుబాటు లేదు, అది పెరుగుతూనే పోయింది. పైకి కట్టేది పెరగదు, కింద వసూలు చేసేది పెరుగుతుంది. మధ్యలో మిగిలినదంతా దివాణానిది, అంటే జమీందారుది. విజయనగరం, బొబ్బిలి, పిఠాపురం, నూజివీడు, చల్లపల్లి, వెంకటగిరి... ఈ పేర్లన్నీ మీకు తెలిసినవే.

శిస్తుతో సరిపోయేది కాదు. పశువులు మేస్తే పుల్లరి అనే పన్ను. పెళ్ళయితే నజరానా అనే కానుక. దివాణం పనికి పిలిస్తే కూలి లేని వెట్టి. చెరువు తెగితే బాగు చేయించాల్సిన వాడు జమీందారే, కానీ చాలాచోట్ల ఆ చెరువును పట్టించుకునే వాడే లేడు. చెరువు ఎండినా శిస్తు మాత్రం ఆగేది కాదు. 1908 చట్టం జిరాయితీ రైతుకు, అంటే జమీందారుకు శిస్తు కడుతూ తన సాగు హక్కుతో భూమి దున్నుకునే రైతుకు, కొన్ని హక్కులు ఇచ్చింది, నిజమే. అయితే కాగితం మీది హక్కును దివాణం గుమ్మం ముందు నిలబడి అడగడం ఎంతమందికి చేతనవుతుంది?

అడిగిన వాళ్ళున్నారు. 1937లో రైతులు ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా నడుస్తూ బయలుదేరారు. 1940లో మందస జమీందారీలో, ఇప్పటి శ్రీకాకుళం జిల్లాలో, రైతులు అడవిలో కట్టెలు కొట్టుకున్నందుకు పోలీసులు గుడారి రాజమణిపురం మీదికి వచ్చారు. కాల్పులు జరిగాయి. వీర గున్నమ్మ అనే రైతు స్త్రీ ఆ కాల్పుల్లో ప్రాణం విడిచింది. కట్టెల కోసం. సొంత ఊరి అడవిలో కట్టెల కోసం.

ఇక ప్రకాశం గారి సంగతి. రాజాజీ తొలి ప్రభుత్వంలో ప్రకాశం గారు రెవెన్యూ మంత్రి. జమీందారీల మీద విచారణ సంఘానికి ఆయనే అధ్యక్షుడు. 1938లో నివేదిక ఇచ్చారు. అందులో ముఖ్యమైన మాట ఒకటే: భూమి హక్కుదారు రైతు, జమీందారు శిస్తు వసూలు చేసేవాడు మాత్రమే. కానీ 1939లో ఆ ప్రభుత్వం రాజీనామా చేసింది, నివేదిక చట్టం కాకుండానే ఉండిపోయింది.

ఎనిమిదేళ్ళ తర్వాత ఓమందూరు వచ్చారు. రెవెన్యూ శాఖ కోనసీమకు చెందిన కళా వెంకటరావు గారి చేతిలో ఉంది, ఆర్థిక శాఖ బెజవాడ గోపాలరెడ్డి గారి చేతిలో. ముందుగా 1947లోనే శిస్తు తగ్గింపు చట్టం తెచ్చారు. పక్కన సర్కారు ఊళ్ళలో, అంటే రైతు నేరుగా సర్కారుకే శిస్తు కట్టే రైత్వారీ ఊళ్ళలో, అలాంటి భూమికి రైతు ఎంత కడుతున్నాడో జమీందారీ రైతు శిస్తునూ ఆ స్థాయికి తేవడం దాని ఉద్దేశం. ఈ క్రమం నాకు చాలా నచ్చుతుంది. జమీందారీని రద్దు చేయడానికి వాదనలు, కోర్టులు, నష్టపరిహారం లెక్కలు, ఎంత కాలమైనా పట్టవచ్చు. అప్పటిదాకా రైతు ఎందుకు మోయాలి? ముందు బరువు దించారు. సేద్యం తెలిసినవాడి ఆలోచన అది.

తర్వాత అసలు చట్టం. 1948లో 26వ చట్టం, ఎస్టేట్ల రద్దు, రైత్వారీ మార్పిడి చట్టం. నోటిఫికేషన్ ఇచ్చిన రోజు నుంచి ఎస్టేటు మొత్తం సర్కారుకు చెందుతుంది. చెరువులు, అడవులు, పోరంబోకులు అనే ఉమ్మడి, బంజరు భూములు అన్నీ. రైతు సాగులో ఉన్న జిరాయితీ భూమికి రైతు పేరనే పట్టా. జమీందారు సొంతంగా సాగు చేయించుకుంటున్న కమతం భూమి మాత్రం ఆయనకే. నష్టపరిహారం విషయంలోనూ ఒక ఆలోచన ఉంది: చిన్న ఎస్టేటుకు ఆదాయం మీద ఎక్కువ రెట్లు, పెద్ద ఎస్టేటుకు తక్కువ రెట్లు.

1949 ఏప్రిల్‌లో ఆ చట్టానికి గవర్నర్ జనరల్ ఆమోదం వచ్చింది. అప్పుడు గవర్నర్ జనరల్ ఎవరు? రాజాజీ. పదకొండేళ్ళ కింద ఎవరి ప్రభుత్వంలో ఆ నివేదిక తయారైందో ఆయనే. ఇటు మద్రాసులో, అదే ఏప్రిల్ నెలలో, ఓమందూరు పదవి వదిలేశారు. సొంత పార్టీ శాసనసభ్యులు పాలనలో వేలు పెట్టడం ఆయనకు సరిపడలేదు. సిఫార్సులు వినని మనిషిని వాళ్ళూ భరించలేకపోయారు. తర్వాత తమిళనాడులోని వడలూరు వెళ్ళి, తమిళ సాధువు రామలింగస్వామి చూపిన సన్మార్గ సేవలో జీవితం గడిపారు. 1970లో కన్నుమూశారు.

ఆ రెండేళ్ళలోనే హరిజనుల ఆలయ ప్రవేశ చట్టం, ఆడపిల్లల్ని దేవదాసీలుగా మార్చడాన్ని ఆపే చట్టం, రాష్ట్రమంతటా మద్యనిషేధం వచ్చాయి. ఒక్కొక్కటీ ఒక ప్రసంగానికి సరిపోతుంది. ఇంకో మాట కూడా చెప్పాలి. ఆయన కాలంలోనే, 1948లో, కమ్యూనిస్టులను పెద్ద ఎత్తున జైళ్ళలో పెట్టారు. జమీందారీలపై రైతులను కూడగట్టిన వాళ్ళూ వాళ్ళలో ఉన్నారు. ఆ నిర్బంధాన్ని నేను సమర్థించలేను. ఆయన మీద గౌరవం ఉన్నా ఈ మాట అనాల్సిందే.

ఇక నాకున్న కొద్ది సమయంలో ఒక పనికొచ్చే విషయం. మీ ఊరు ఒకప్పుడు జమీందారీలోనో, ఇనాంగా ఇచ్చిన ఎస్టేటులోనో ఉండేదా? పెద్దవాళ్ళను అడగండి, చెబుతారు. అలా ఉండి ఉంటే ఈ 1948 చట్టం మీ పొలం కాగితాల్లో ఇప్పటికీ బతికే ఉంది. ఎస్టేటు రద్దయ్యాక ఆ ఊళ్ళను సర్వే చేశారు, సెటిల్‌మెంట్ అధికారులు విచారించి పట్టాలిచ్చారు. అప్పుడు తయారైన రికార్డును సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ అంటారు. ఏ సర్వే నంబరు, ఎంత విస్తీర్ణం, అది జిరాయితీయా పోరంబోకా, పట్టాదారు ఎవరు, అన్నీ అందులో ఉంటాయి.

ఇవాళ కంప్యూటర్ అడంగల్‌లో, అంటే ఊరి భూముల రికార్డులో, మీ భూమి తప్పుగా పడిందనుకోండి, ప్రభుత్వ భూమి అని చూపిస్తోందనుకోండి. టెన్షన్ పడి మధ్యవర్తుల చుట్టూ తిరగకండి. ముందు ఆ పాత రికార్డు నకలు తీసుకోండి. తహసీల్దార్ కార్యాలయంలో దరఖాస్తు పెట్టండి, అక్కడ లేదంటే కలెక్టర్ కార్యాలయం రికార్డు గదిలో అడగండి, అదీ కుదరకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఊరికే చూపించి నోటిమాట చెబితే చాలదు, ధ్రువీకరించిన నకలు కావాలని దరఖాస్తులోనే రాయండి. ఊరి పేరు, సర్వే నంబరుతో పాటు అది ఏ ఎస్టేటు ఊరో కూడా రాయండి. ఆ ఒక్క నకలుతోనే వివాదం తేలిపోతుందని చెప్పను. ఆ తర్వాతి అమ్మకాలు, పంపకాలు, ఇప్పటి సాగు అన్నీ చూస్తారు. కానీ వకీలు దగ్గరికి వెళ్ళేముందు ఆ నకలు మీ చేతిలో ఉండాలి. ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున మీ తాతగారి పేరుతో ఉన్న సెటిల్‌మెంట్ పట్టా కనిపిస్తే, అసలును ఎవరికీ ఇవ్వకండి. జిరాక్సు మాత్రమే ఇవ్వండి.

నమస్కారం.