బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు

అందరికీ నమస్కారం.

భాగాలన్నీ బిగించి, ప్లగ్గు పెట్టి, పవర్ బటన్ నొక్కాక కొత్త కంప్యూటర్ ఉలక్కుండా పలక్కుండా ఉంటే అన్నీ విప్పేయాలనిపిస్తుంది. దయచేసి విప్పకండి. అది ఎలా మొరాయిస్తోందో ముందు గమనించండి. "ఆన్ అవట్లేదు" అనే ఒక్క మాట వెనక నాలుగు వేర్వేరు జబ్బులున్నాయి. అసలేమీ కదలకపోవడం ఒకటి. ఫ్యాన్లు ఒక్కసారి అదిరి ఆగిపోవడం రెండోది. కాసేపు తిరిగి, ఆగి, తనంతట తనే మళ్లీ మొదలవడం మూడోది. ఫ్యాన్లు తిరుగుతున్నా తెర నల్లగానే ఉండటం నాలుగోది. దేని వైద్యం దానిదే.

ఏమీ కదలకపోతే గోడ దగ్గర మొదలుపెట్టాలి. అదే సాకెట్‌లో ఫోన్ ఛార్జర్ పెట్టి చూడండి. జంక్షన్ బాక్సు పక్కనపెట్టి నేరుగా గోడకే కలపండి. ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటును కంప్యూటర్‌కు తగిన వోల్టులుగా మార్చే డబ్బా) వెనక స్విచ్ మీద గీత, సున్నా ఉంటాయి. గీత వైపు నొక్కితేనే ఆన్. పవర్ కార్డు సగం దూరి ఆగిందేమో గట్టిగా నెట్టి చూడండి. మన ఇళ్లలో ఇంకో మాట కూడా చెప్పాలి. ఎర్తింగ్ లేని సాకెట్‌లో పెడితే క్యాబినెట్ ముట్టుకున్నప్పుడు చిమచిమలాడుతుంది. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి వచ్చే కొద్దిపాటి కరెంటు అది. కంప్యూటర్ ఆన్ కాకపోవడానికి అది కారణం కాదు, కానీ ఎర్తింగ్ సరిచేయించకుండా ఆ సాకెట్‌లో వాడొద్దు.

ఇప్పుడు బటన్ సంగతి. ఈ ఒక్కటి అర్థమైతే సగం పని అయినట్టే. బటన్ కరెంటును వదలదు. ఎస్‌ఎంపీఎస్ స్విచ్ వేసిన క్షణం నుంచీ ఊదా రంగు తీగ మీదుగా 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు మదర్‌బోర్డుకు, అంటే భాగాలన్నీ కూర్చునే పెద్ద బోర్డుకు, అందుతూనే ఉంటుంది. చాలా బోర్డుల మీద ఒక చిన్న లైటు అప్పుడే వెలుగుతుంది. బటన్ చేసేదల్లా రెండు పిన్నులను క్షణంపాటు కలపడం. దాంతో బోర్డు ఆకుపచ్చ తీగను గ్రౌండుకు లాగుతుంది. అప్పుడు 12, 5, 3.3 వోల్టులు మొదలవుతాయి. అవి కుదుటపడ్డాక, అంటే 100 నుంచి 500 మిల్లీసెకన్లలో, బూడిద రంగు తీగ మీద "అంతా బాగుంది" అనే సంకేతం వస్తుంది. ఆ తర్వాతే ప్రాసెసర్ కళ్లు తెరుస్తుంది.

అందుకే లైటు వెలుగుతూ బటన్‌కు స్పందన లేకపోతే మొదటి అనుమానం బటన్ తీగ మీదే. బోర్డు కింది అంచున తొమ్మిది పిన్నుల గుంపు ఉంటుంది. పదో పిన్ను స్థానం ఖాళీ. చాలా బోర్డుల్లో 6, 8 పిన్నులు పవర్ బటన్‌వి, వాటికి ఎదుటి వరసలోని 5, 7 రీసెట్‌వి. ఒక్క పిన్ను పక్కకు జరిగినా బటన్ పనిచేయదు. మాన్యువల్‌లో బొమ్మ చూసి నిర్ధారించుకోండి, తీగ పీకేయండి, స్క్రూడ్రైవర్ మొనను ఆ రెండు పిన్నులకు మాత్రమే ఒక్క సెకను ఆనించండి. కంప్యూటర్ లేచిందంటే బోర్డుకు ఏ జబ్బూ లేదు, తప్పు బటన్‌దో తీగదో. కొత్త బటన్ దొరికేదాకా రీసెట్ బటన్ తీగ తెచ్చి అక్కడ పెట్టుకోవచ్చు. బటన్ తీగకు ప్లస్సు, మైనస్సు లేవు. ఎల్‌ఈడీ తీగలకే ఉంటాయి.

తర్వాత ఎస్‌ఎంపీఎస్ నుంచి బోర్డుకు వచ్చే రెండు పెద్ద కనెక్టర్లు. 24 పిన్నులది క్లిప్ టక్కుమని పట్టేదాకా నొక్కాలి. కొత్త బోర్డు కొంచెం వంగుతుందని భయపడి చాలామంది సగంలో ఆపేస్తారు. బోర్డు అంచును కింద చేత్తో ఆనుకుని నొక్కండి. ప్రాసెసర్ పక్కన ఉండే 8 పిన్నులది మర్చిపోవడం మరీ ఎక్కువ. ఆ తీగ నాలుగు, నాలుగుగా విడిపోతుంది. గ్రాఫిక్స్ కార్డు తీగ ఆరు, రెండుగా విడిపోతుంది. రెంటిలో 12 వోల్టులూ గ్రౌండూ తారుమారుగా ఉంటాయి కాబట్టి దూరనిదాన్ని బలవంతాన దూర్చొద్దు. మాడ్యులర్ (తీగలు విడిగా ఊడొచ్చే) ఎస్‌ఎంపీఎస్ అయితే దాని పెట్టెలో వచ్చిన తీగలే వాడాలి. వేరే కంపెనీ తీగ చక్కగా పట్టొచ్చు, కానీ లోపలి వరస మారి 5 వోల్టుల చోట 12 వెళ్లి హార్డ్ డిస్కు కాలిపోతుంది.

ఇంకా లేవకపోతే ఎస్‌ఎంపీఎస్‌ను విడిగా పరీక్షించాలి. స్విచ్ ఆపి, దాని తీగలన్నీ పీకేయండి. 24 పిన్నుల కనెక్టర్‌లో క్లిప్ ఉన్న వరస చూడండి. ఆకుపచ్చ తీగ ఆ వరసలోనే ఉంటుంది. ఈ రోజుల్లో తీగలన్నీ నల్లగానే వస్తున్నాయి కాబట్టి లెక్క నేర్చుకోవాలి. ఆ వరసలో ఒక చివర నుంచి ఐదో గుంట ఖాళీగా ఉంటుంది. అదే చివర నుంచి తొమ్మిదోది ఆకుపచ్చ తీగ స్థానం, దాని పక్కన ఎనిమిదోది గ్రౌండు. ఈ రెంటినీ పేపర్ క్లిప్‌తో కలిపి, ఆ తర్వాతే స్విచ్ వేయండి. కొన్నింటిలో లోడు లేకపోతే ఫ్యాన్ తిరగదు కాబట్టి దాన్ని చూసి తీర్పు చెప్పకండి, వోల్టులు కొలిచే మల్టీమీటర్ పెట్టండి. 12 వోల్టుల తీగ 11.4 నుంచి 12.6 మధ్య, 5 వోల్టులది 4.75 నుంచి 5.25 మధ్య చూపాలి. లోడు లేకుండా సరిగ్గా చూపినంత మాత్రాన బరువు మోస్తుందని కాదు. కానీ ఏమీ చూపకపోతే మాత్రం అది పోయినట్టే. దాన్ని విప్పొద్దు. మన 230 వోల్టుల లైను మీద లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలవ ఉంటుంది. ప్లగ్గు తీసినా వెంటనే పోదు.

ఫ్యాన్లు అదిరి ఆగిపోయే కేసులో ఎస్‌ఎంపీఎస్ తనను తాను కాపాడుకుంటోంది. ఎక్కడో షార్టు ఉంది. స్విచ్ ఆపి అర నిమిషం ఆగితేగానీ మళ్లీ లేవదు, అందుకే రెండోసారి బటన్ నొక్కితే చచ్చినట్టు కనిపిస్తుంది. బోర్డు కింద రంధ్రం లేని చోట ఇత్తడి స్టాండాఫ్ (బోర్డును క్యాబినెట్‌కు తగలకుండా ఎత్తి పట్టే చిన్న మర) ఒకటి మిగిలిపోవడం దీనికి పేరుమోసిన కారణం. బోర్డును బయటకు తీసి, దాని అట్టపెట్టె మీద పెట్టండి. యాంటీస్టాటిక్ సంచి మీద కాదు, ఆ సంచికి కరెంటును పోనిచ్చే గుణం ఉంది. ప్రాసెసర్, కూలర్, ఒక్క ర్యామ్, రెండు పవర్ తీగలు, అంతే. ఇక్కడ లేచి క్యాబినెట్‌లో లేవకపోతే తప్పు బిగింపులోనే. ఇక్కడా లేవకపోతే ప్రాసెసర్ తీసి, అది కూర్చునే సాకెట్ మీద ఫోన్ టార్చ్ వాలుగా వేయండి. ఇంటెల్ వాళ్ల ఎల్‌జీఏ 1700 సాకెట్‌లో 1700 పిన్నులూ ఒకే తీరున మెరవాలి. వంగిన పిన్ను దగ్గర ఆ మెరుపు తెగిపోతుంది. ఏఎండీ వాళ్ల ఏఎం4లో అయితే పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి.

ఆగి మళ్లీ మొదలయ్యేదాన్ని తొందరపడి ఆపేయకండి. డీడీఆర్5 రకం ర్యామ్ వాడే బోర్డులు మొదటిసారి ర్యామ్‌ను పరీక్షించుకుంటూ కొన్ని నిమిషాలు తెర వెలగనివ్వవు. పావుగంటకీ మారకపోతే ఒక్క ర్యామ్‌నే ఉంచండి. నాలుగు స్లాట్లుంటే సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోదాంట్లో పెట్టాలి. ఆ తర్వాత ప్లగ్గు తీసి, సీఎమ్ఓఎస్ బ్యాటరీని (బోర్డు మీద ఉండే నాణెం లాంటి బ్యాటరీ) ఐదు నిమిషాలు తీసి పెట్టండి.

నల్ల తెరకు తరచూ కారణం చిన్నదే. గ్రాఫిక్స్ కార్డు ఉండగా హెచ్‌డీఎంఐ తీగ బోర్డుకు పెట్టడం. పేరు చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లకు సొంత గ్రాఫిక్స్ లేదు కాబట్టి ఆ రంధ్రం నుంచి బొమ్మ రానే రాదు. పాత బయోస్‌కు (బోర్డులోనే ఉండి కంప్యూటర్‌ను లేపే ప్రోగ్రాం) కొత్త ప్రాసెసర్ తెలియకపోయినా ఇంతే. బయోస్ ఫ్లాష్‌బ్యాక్ సదుపాయం ఉన్న బోర్డైతే పెన్‌డ్రైవ్‌తో కొత్తది ఎక్కించవచ్చు.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా, ప్రాసెసర్ పెట్టకముందే సాకెట్ పిన్నులను దగ్గరగా ఫోటో తీసి ఉంచండి. వంగిన పిన్నుకు వారంటీ వర్తించదని వాదన వచ్చినప్పుడు మీ చేతిలో ఉండే ఆధారం అదే. సాకెట్ మీద వచ్చిన నల్ల ప్లాస్టిక్ మూతను కూడా పారేయకండి. బోర్డును వెనక్కి పంపాల్సి వస్తే ఆ మూత బిగించే పంపాలి.