ట్యూబు వెనక్కి తిప్పి చూడండి

శ్రోతలందరికీ నమస్కారం.

మాది హైదరాబాద్‌లోని రాంనగర్. ఇరవై రెండేళ్లు మేం ఒక చిన్న మెడికల్ షాపు నడిపాం. సరుకు తెచ్చే పని మా ఆయనది. ఫార్మసీ చదివింది నేను కాబట్టి కౌంటర్ దగ్గర నేనుండేదాన్ని. జ్వరం బిళ్ళలు, షుగరు బిళ్ళల తర్వాత అక్కడ నేను ఎక్కువగా విన్న మాట ఒకటుంది: "తెల్లబడే క్రీము ఇవ్వండి." ఈ మాట అడిగేవాళ్ళు గొంతు తగ్గించి అడిగేవారు. మొలలకి మందు అడిగేటప్పుడు కూడా అంత తగ్గించేవారు కాదు.

అలా వచ్చిన ఒక్క ట్యూబు సంగతి ఇవాళ మీకు చెప్తాను.

మా వీధి చివర ఒక కుటుంబం ఉండేది. వాళ్ళ అమ్మాయిది చామనఛాయ, పెద్ద పెద్ద కళ్ళు. బీకాం అయిపోయి అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సుకి వెళ్తుండేది. సంబంధాలు చూడడం మొదలుపెట్టారు. మొదట వచ్చినవాళ్ళు కాఫీ తాగి, బాగా మాట్లాడి వెళ్ళారు. రెండు రోజుల తర్వాత మధ్యవర్తితో కబురు పంపారు. "పిల్ల బాగుంది గానీ, కాస్త రంగు తక్కువ." కాస్త రంగు తక్కువ. ఈ మూడు మాటలు ఆ ఇంట్లో వారం రోజులు తిరిగాయి. అమ్మమ్మ అంది, మేనత్త అంది, చివరికి అద్దం ముందు నిలబడి ఆ పిల్లే అనుకుంది.

ఒక సాయంత్రం వాళ్ళమ్మ ఖాళీ ట్యూబు ఒకటి పట్టుకొచ్చింది. "వదినా, మా చెల్లెలి కూతురు ఇదే వాడిందట, ఇలాంటిదే ఇవ్వవా" అంది. చూడగానే నాకు తెలిసింది. అది మూడు మందులు కలిపిన ట్యూబు: హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటాసోన్. మొమెటాసోన్ అంటే స్టెరాయిడ్. మంగు మచ్చలకి చర్మ డాక్టరు కొన్ని వారాలకని రాసే మందు అది. చీటీ ఏదని అడిగాను. "ముఖానికి రాసుకునేదానికి చీటీ ఏంటి వదినా" అంది. ఇలాంటి స్టెరాయిడ్ క్రీములు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే ప్రభుత్వం నిబంధన గట్టి చేసింది. నాకు తెలుసు. తెలిసే ఇచ్చాను. నేనివ్వకపోతే పక్క షాపులో కొంటుంది కదా అనుకున్నాను. ఆ రోజు అలా అనుకున్నందుకు నేనింకా బాధపడుతూనే ఉన్నాను.

పదిహేను రోజులకి పిల్ల ముఖం నిజంగానే తేటపడింది. వాళ్ళమ్మ మా షాపుకొచ్చి స్వీట్లు పెట్టి వెళ్ళింది. స్టెరాయిడ్ రాస్తే చర్మం కింద ఉండే సన్నటి రక్తనాళాలు ముడుచుకుంటాయి, అందుకే ముఖం పాలిపోయి తెల్లగా కనిపిస్తుంది. అందరూ దాన్ని అందం అనుకున్నారు. రెండో ట్యూబు, మూడో ట్యూబు కొన్నారు. నాలుగో నెలకి బుగ్గల నిండా మొటిమలు వచ్చాయి, చెవుల పక్కన నూనూగు వెంట్రుకలు మొలిచాయి. చర్మం ఎంత పలచబడిందంటే, ముక్కు పక్కన సన్నటి ఎర్ర నరాలు దారాల్లా కనపడేవి. పొయ్యి దగ్గర నిలబడితే ముఖం మండేది. ఎండలోకి వెళ్తే ఇక చెప్పక్కర్లేదు. భయపడి మూడు రోజులు రాయడం మానేసింది. ముఖమంతా మిరపకాయలా ఎర్రబడి వాచింది. మళ్ళీ రాస్తే చల్లబడింది. మానితే మంట, రాస్తే చల్లన. ఇది స్టెరాయిడ్‌కి అలవాటు పడిన చర్మం. మన దేశపు చర్మ డాక్టర్లు దీనికి స్టెరాయిడ్‌తో పాడైన ముఖం అని ప్రత్యేకంగా పేరే పెట్టారు, అంతమందిని చూశారు వాళ్ళు.

ఆ అమ్మాయి కోర్సు మానేసింది. ఏడాదికి పైగా చున్నీ ముఖానికి చుట్టుకుని బస్సెక్కేది. "ఆంటీ, నా పాత రంగు నాకు తిరిగొస్తే చాలు" అంది ఒకరోజు. నాకేం చెప్పాలో తెలియలేదు.

ఆ పాత రంగు ఏమిటో చూడండి. మన చర్మంలో మెలనిన్ అనే రంగు పదార్థం ఉంటుంది. దాన్ని తయారుచేసే కణాలు తెల్లవాళ్ళకైనా, నల్లవాళ్ళకైనా దాదాపు ఒకే లెక్కలో ఉంటాయి. తయారయ్యే రంగులోనే తేడా. ఆ మెలనిన్ చర్మ కణం లోపల కేంద్రకం మీద గొడుగు పట్టినట్టు నిలబడి ఎండ దెబ్బ నుంచి కాపాడుతుంది. మన హైదరాబాద్ మే నెల ఎండలో ఆ గొడుగు ఎంత అవసరమో మీకు నేను చెప్పాలా! మన హబ్సిగూడలో జన్యువుల మీద పరిశోధన చేసే సీసీఎంబీ అనే సంస్థ ఉంది, అక్కడి శాస్త్రవేత్తలు చర్మం రంగు మీద ప్రభావం చూపే ఒక జన్యువును మన దేశ ప్రజల్లో పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించారు. తాతల నుంచి ఒంట్లోకి దిగే రంగు ఇది, కుంకుమపువ్వు పాలు తాగితే మారేది కాదు.

ఇంకో ప్రమాదం పాదరసం. పేరూ ఊరూ లేని డబ్బాల్లో, బయటి దేశాల నుంచి వచ్చే కొన్ని క్రీముల్లో ఇది ఉంటుంది. చర్మం గుండా ఒంట్లోకి దిగి కిడ్నీలను పాడుచేస్తుంది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో ఇలాంటి క్రీములు వాడినవాళ్ళకి కిడ్నీ జబ్బు వచ్చినట్టు డాక్టర్లు గుర్తించారు. తెల్లబడదామని రాసుకుంటే కిడ్నీలకి రావడం ఎంత అన్యాయం!

1975లో మార్కెట్లోకి వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో గ్లో అండ్ లవ్లీ అయింది. డబ్బా మీద పేరు మారింది. మన ఇళ్ళలో మాత్రం పసిబిడ్డను చూడ్డానికి వచ్చినవాళ్ళు ఇంకా "రంగు ఎవరిదొచ్చింది?" అనే అడుగుతున్నారు. అమ్మలకి, అమ్మమ్మలకి, మేనత్తలకి దండం పెట్టి అడుగుతున్నాను, ఆ ప్రశ్న మానేయండి. చామనఛాయ పిల్లని చామనఛాయ పిల్లలాగే ముద్దుచేయండి.

సమయం అయిపోవస్తోంది, ఒక్క పని చెప్పి ముగిస్తాను. మీ ఇంట్లో ముఖానికి రాసుకునే ట్యూబు ఏదైనా ఉంటే వెనక్కి తిప్పి చూడండి. బెటామెథాసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్, ఈ మూడింటిలో ఏ పేరున్నా అది స్టెరాయిడ్. లేబుల్ మీద ఎడమ పక్కన నిలువుగా ఎర్ర గీత ఉంటే అది డాక్టరు చీటీ మీద మాత్రమే వాడాల్సిన మందు. నెలల తరబడి వాడుతున్నవాళ్ళు మాత్రం ఇది విన్నామని ఇవాళే విసిరేయకండి. ఒక్కసారిగా మానితే ముఖం ఎలా మండిపోతుందో ఇందాక చెప్పాను. చర్మ డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో చర్మ విభాగం ఉంది, పొద్దున్నే వెళ్తే ఓపీలో చూస్తారు. సిగ్గుపడి దాచకుండా ఎన్ని నెలలు రాశారో చెప్పండి. ట్యూబు కూడా పట్టుకెళ్ళండి. పేరు లేని డబ్బా అయితే ఆ డబ్బానే పట్టుకెళ్ళండి.

నమస్కారం.