ఆ దొంగ కథ మళ్లీ చెప్పు తల్లీ

శ్రోతలకు నమస్కారం.

మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, అలా పెరిగినవాళ్లం. ఇవాళ మా పెద్ద మావయ్య గురించి నాలుగు మాటలు చెప్పాలని వచ్చాను. నాకు ఊహ తెలియకముందే నాన్న పోతే, నన్ను తన పిల్లలతో సమానంగా పెంచిన మనిషి ఆయన.

ఆయనది కొమ్ము పని. మా ఊరి కొమ్ము బొమ్మల సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. కొమ్మును సెగ మీద వెచ్చబెట్టి, మెత్తబడ్డాక వంచి, చెక్కి, కొంగలూ దువ్వెనలూ దేవుడి బొమ్మలూ చేసేవాడు. మెరుగు పెట్టడం అయ్యాక చూపుడు వేలి కొసతో మెల్లగా ఒకసారి నిమిరేవాడు. మన కంటికి నున్నగా కనబడే చోట కూడా ఆ వేలికి గరుకు తగిలేది. మళ్లీ కూర్చుని రుద్దేవాడు.

నేను కాలేజీలో ఉండగా క్రీస్తును నమ్ముకుని బాప్తిస్మం తీసుకున్నాను. మావయ్య కోప్పడలేదు. అలాగని ఏమీ అడగనూ లేదు. ఆదివారం నేను బైబిలు పట్టుకుని బయల్దేరితే, "ఎండగా ఉంది, గొడుగు పట్టుకెళ్లు తల్లీ" అనేవాడు. ఇరవై ఏళ్లు మా మధ్య ఆ విషయం అక్కడే ఆగిపోయింది.

ఆయనకు కాలేయంలో క్యాన్సరని తెలిసేసరికి ఆలస్యమైపోయింది. విశాఖపట్నంలో డాక్టర్లు చూసి, ఇంక ఇంటి దగ్గరే ఉంచుకోండి అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నన్ను ఇంతదాన్ని చేసిన మనిషికి నాకు ప్రాణమైన సంగతి ఒక్కసారైనా చెప్పలేదే అన్న టెన్షన్. తెల్లారగానే వెళ్లి మంచం పక్కన కూర్చుని, పాపం, రక్షణ, నిత్యజీవం అంటూ మొదలుపెట్టాను. ఎంతసేపు మాట్లాడానో నాకే తెలియదు. మావయ్య మాటా పలుకూ లేకుండా గోడ వైపు తిరిగి పడుకున్నాడు. చూస్తే, దుప్పటి అంచు పిడికిట్లో నలిగిపోతోంది. నొప్పి. అంతసేపూ ఆయన నొప్పిని ఓర్చుకుంటున్నాడు, నేను గమనించలేదు.

ఆ దుప్పటి అంచు నేను మరిచిపోలేను. తమవాళ్ల మంచం పక్కన కూర్చోబోయే విశ్వాసులకు నేను ముందుగా చెప్పేది అదే. నొప్పి తగ్గే ఏర్పాటు చూడండి. డాక్టరును గట్టిగా అడగండి. మార్ఫిన్ లాంటి మందులున్నాయి, వాటితో చాలామందికి ఉపశమనం దొరుకుతుంది. నొప్పితో మెలికలు తిరిగే మనిషికి సువార్త ఏం వినబడుతుంది? రాయగడ జిల్లా బిస్సంకటక్‌లో 1954లో డెన్మార్క్ నుంచి వచ్చిన ఎలిజబెత్ మాడ్సెన్ అనే డాక్టరమ్మ ఆసుపత్రి మొదలుపెట్టారు. మన కొండ ప్రాంతాల్లో ఎంతోమందికి క్రీస్తు పేరు పుస్తకంలో కంటే ముందు అలాంటి చేతుల్లోనే పరిచయమైంది.

మర్నాటి నుంచి నేను బైబిలు సంచిలోనే ఉంచాను. తడి దూదితో పెదాలు తుడిచేదాన్ని. కాళ్లు ఒత్తేదాన్ని. చోడి అంబలి పల్చగా కాచి, అడిగితేనే రెండు చెంచాలు పట్టేదాన్ని. పోయే ముందు ఆకలి మందగించడం సహజం, బలవంతంగా తినిపిస్తే వాళ్లకే కష్టం. ఒకరోజు ఆయన చెయ్యి పట్టుకుని, "మావయ్యా, మొన్న నిన్ను అడక్కుండానే ఏదేదో చెప్పేశాను. నన్ను క్షమించు" అన్నాను. ఆయన కళ్లు తెరిచి, "క్షమించడమేటి తల్లీ, నువ్వు భయపడ్డావు, నాకు తెలీదా" అన్నాడు.

ఆ సాయంత్రం ఆయనే అడిగాడు. "మీ యేసు చచ్చిపోయినప్పుడు పక్కన ఎవరున్నారే?"

లూకా సువార్త 23వ అధ్యాయం చదవలేదు, నా మాటల్లోనే చెప్పాను. రెండు పక్కలా ఇద్దరు నేరస్తులు. ఒకడు ఎగతాళి చేశాడు. రెండోవాడు, మనకు తగిన శిక్షే పడింది, ఈయన మాత్రం ఏ తప్పూ చెయ్యలేదు అన్నాడు. తర్వాత యేసు వైపు తిరిగి, నీ రాజ్యంలోకి వచ్చినప్పుడు నన్ను జ్ఞాపకం చేసుకో అన్నాడు. "నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు" అని యేసు జవాబిచ్చాడు. పరదైసు అంటే స్వర్గం. ఇంతే కథ. చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు.

మావయ్య చాలాసేపు ఆలోచించి, "మంచి పని ఒక్కటీ చెయ్యడానికి టైం లేదు కదా వాడికి" అన్నాడు.

"లేదు మావయ్యా. అడగడానికి మాత్రం టైం ఉంది."

అంతకుమించి ఒక్క మాట కూడా కలపలేదు. కలపాలని నాలుక దురద పెట్టింది, నిజమే చెబుతున్నాను. తర్వాత నాలుగైదుసార్లు ఆయనే, "ఆ దొంగ కథ మళ్లీ చెప్పు తల్లీ" అని అడిగి చెప్పించుకున్నాడు.

చుట్టాల్లో విశ్వాసులైన కొందరు, పాస్టరుగారినీ పదిమందినీ తీసుకొస్తాం, ఒప్పించి బాప్తిస్మం ఇప్పించేద్దాం అన్నారు. వద్దన్నాను. ఒడిశాలో బలవంతంతో, మోసంతో, ఆశ చూపించి మతం మార్చకూడదని 1967లోనే చట్టం వచ్చింది. చట్టం మాట అలా ఉంచండి. లేచి వెళ్లిపోలేని మనిషి చుట్టూ గుంపుగా చేరడం ప్రేమ ఎలా అవుతుంది? నమ్మితే జబ్బు నయమవుతుందని ఆశపెట్టడం, నమ్మకపోతే నరకమని బెదిరించడం, ఈ రెండూ నేను చూశాను. అలాంటి ఇళ్లలో పోయినవాళ్ల పిల్లలు మన ముఖం కూడా చూడరు. పైగా ఆ సిలువ మీద దొంగకు బాప్తిస్మం ఎవరిచ్చారు?

అత్తయ్య రోజూ సాయంత్రం మజ్జిగౌరమ్మ పటం దగ్గర దీపం పెట్టేది. ఆ దీపం వెలుగుతుండగానే నేను మెల్లగా, "యెహోవా నా కాపరి, నాకు లేమి కలుగదు" అంటూ కీర్తన చెప్పేదాన్ని, అదీ మావయ్య తల ఊపితేనే. నా విశ్వాసం నాకు గట్టిది, దాన్ని దాచుకోలేదు. కానీ యాభై ఏళ్లు ఆయనతో కాపురం చేసిన మనిషిని ఆ గదిలో పరాయిదాన్ని చేసే హక్కు నాకెక్కడిది?

చివరి రెండు రోజులు మాట పడిపోయింది. వినికిడి ఆఖరిదాకా ఉండవచ్చని నర్సులు చెబుతుంటారు. అందుకే ఆ గదిలో ఆస్తుల మాట, ఖర్చుల మాట ఎత్తనివ్వలేదు. నేను చెవి దగ్గరకు వంగి, "మావయ్యా, నన్ను పెంచావు, నీకు రుణపడి ఉన్నాను. యేసు నీకు తోడుగా ఉన్నాడు" అన్నాను. నా చేతి వెనక ఆయన చూపుడు వేలు మెల్లగా కదిలింది, కొమ్ము మెరుగు చూసినట్టే.

కర్మలన్నీ మా బావ వాళ్ల పద్ధతి ప్రకారమే చేశాడు. నేను పక్కనే నిలబడ్డాను. పదో రోజు పనులయ్యాక అత్తయ్య నన్ను వంటింట్లోకి పిలిచింది. మాట పడిపోక ముందు రాత్రి, నేను లేనప్పుడు, ఆయన నిద్రలో ఏదో గొణిగాడట. "ఏటో సరిగా వినబడలేదే అమ్మా. నన్ను జ్ఞాపకం చేసుకో, జ్ఞాపకం చేసుకో అన్నాడు. నాతో అన్నాడో, ఎవరితో అన్నాడో" అంది.

ఇద్దరం చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాం.