పీ.టీ. గొప్ప లూప్ హారర్ కాదు, దాన్ని దేవుణ్ణి చేసింది కోనామీ!

ముందే చెప్తున్నా, ఈ వీడియోకి డిస్‌లైకులు పడతాయి. పడనివ్వండి. అదే చోటికి మళ్ళీ మళ్ళీ తిప్పి భయపెట్టే గేముల్ని లూప్ హారర్ అంటాం. పీ.టీ. అలాంటి గొప్ప గేమ్ కాదు. జపాన్ గేమ్ కంపెనీ కోనామీ దాన్ని ప్లేస్టేషన్ స్టోర్‌లోంచి పీకేసింది కాబట్టి దేవుడైపోయింది. పీకకుండా వదిలేసి ఉంటే "ఆ డెమో బాగుండేది కదా" అని ఒక్క ముక్కలో తేల్చేసి ఎప్పుడో మర్చిపోయేవాళ్ళం.

కథ మీకు తెలిసిందే, గబగబా చెప్పేస్తా. 2014 ఆగస్టు 12న ప్లేస్టేషన్ 4 (పీఎస్4)లో ఫ్రీగా వచ్చింది. చేసింది 7780ఎస్ స్టూడియో అన్నారు, ఆ పేరు అంతకుముందు ఎవరూ వినలేదు. ఆట పూర్తి చేస్తే చివర్లో గుట్టు బయటపడింది: గేమ్ డైరెక్టర్ హిడియో కొజిమా, సినిమా డైరెక్టర్ గియెర్మో డెల్ టోరో కలిసి చేస్తున్న సైలెంట్ హిల్స్ అనే హారర్ గేమ్‌కి ఇది టీజర్. 2015 ఏప్రిల్‌లో ఆ పెద్ద గేమ్ క్యాన్సిల్. 29వ తేదీన పీ.టీ. కూడా స్టోర్‌లోంచి మాయం. తర్వాత, ముందే తీసుకున్నవాళ్ళు కూడా మళ్ళీ డౌన్‌లోడ్ చేసుకోలేకపోయారు. పీ.టీ. ఉన్న పీఎస్4లని ఈబేలో ఎంతెంత రేట్లకి పెట్టారో గుర్తుందిగా? దొరకని సరుకుకి గిరాకీ అలాగే ఉంటుంది మరి.

సరే, ఆటలోకి రండి. ఎల్ ఆకారంలో ఒక కారిడార్. గడియారం 23:59 దగ్గర ఆగి ఉంటుంది. రేడియోలో ఎవడో తండ్రి తన కుటుంబాన్ని చంపేసిన వార్త. చివరున్న తలుపు తీసి వెళ్తే మళ్ళీ అదే కారిడార్. మీ చేతిలో ఏముంది? నడవడం, జూమ్ చేయడం. అంతే! భయం వేసిందా అంటే వేసింది, ఎందుకు అబద్ధం చెప్పాలి? బాత్రూమ్ సింక్‌లో ఆ పిండం లాంటిది కదులుతుంటే హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టేశాను. కానీ ఆ కారిడార్‌లో ఉన్నంతసేపూ నేను నిర్ణయించింది ఏంటి? ఒక్కటి చెప్పండి. ఆట ఎప్పుడు లైటు ఎర్రగా చేస్తే అప్పుడు ఉలిక్కిపడ్డాను, ఎప్పుడు తలుపు తెరిస్తే అప్పుడు వెళ్ళాను. మధ్యలో కొత్త సంగతి జరగాలంటే ఎటు చూడాలో వెతుక్కున్నాను. నాతో పనే లేదు దానికి.

2019లో ఒక మోడర్, అంటే గేమ్ లోపలి కోడ్‌ని మార్చేవాడు, కెమెరాని ప్లేయర్ నుంచి విడదీసి చూపించాడు కదా, వీడియో అందరూ చూశారు. టార్చ్ చేతికి వచ్చినప్పటి నుంచి లీసా అనే ఆ ఆటలోని దయ్యం మన వీపు వెనకే అతుక్కుని ఉంటుంది. ఫ్యాన్స్ అందరూ "వామ్మో, జీనియస్" అన్నారు. నాకైతే నా కేసు అక్కడే గెలిచినట్టు అనిపించింది. మీరు ఏం చేసినా, ఏం చేయకపోయినా ఆమె అక్కడే ఉంటుంది! మీరు పిరికివాళ్ళో మొండివాళ్ళో ఆమెకి అనవసరం. అది చాలా బాగా కట్టిన భూత్ బంగ్లా, ఒప్పుకుంటా. టికెట్ తీసుకున్న ప్రతివాడికీ అదే దయ్యం.

ఇప్పుడు స్లే ద ప్రిన్సెస్ అనే ఇంకో లూప్ హారర్ గేమ్ తీసుకోండి. 2023 అక్టోబర్‌లో వచ్చింది. బ్లాక్ టాబీ గేమ్స్ అని కెనడాలో టోనీ హావర్డ్ అరియాస్, ఆబీ హావర్డ్ అనే దంపతుల స్టూడియో. బొమ్మలు పెన్సిల్‌తో వేసినవి. రాకుమారి గొంతులన్నీ నికోల్ గుడ్‌నైట్‌వి, మగ గొంతులన్నీ జోనథన్ సిమ్స్ ఒక్కడివే. అడవిలో దారి, దారి చివర ఇల్లు, ఇంటి కింద నేలమాళిగలో సంకెళ్ళతో ఒక రాకుమారి. చంపకపోతే ప్రపంచం అంతమైపోతుందని నేరేటర్, అంటే కథ చెప్పే గొంతు, చెప్తాడు. ఎందుకు అంతమవుతుందో మాత్రం అడిగినా సరిగ్గా చెప్పడు, పైగా చిరాకు పడతాడు.

పైన బల్ల మీద కత్తి ఉంటుంది. తీసుకోవాలా వద్దా? ఆట మొత్తంలో నాకు చెమటలు పట్టించింది ఆ బల్లే, నేలమాళిగ కాదు. ఎందుకంటే కత్తితో మెట్లు దిగితే కింద నుంచి వచ్చే గొంతు కటువుగా, బెదిరించినట్టు ఉంటుంది. ఉత్త చేతులతో దిగితే అదే అమ్మాయి మెత్తగా మాట్లాడుతుంది. మీరు ఇంకా ఆమె ముఖం కూడా చూడలేదు! మీ అనుమానం మీకంటే ముందే మెట్లు దిగిపోయింది. ఆ తర్వాత మీరు చస్తారు, మళ్ళీ అడవిలో దారి మీద కళ్ళు తెరుస్తారు. ఈసారి కింద ఉండేది మీరు తయారు చేసిన మనిషి. లొంగిపోయారా, తల పైకెత్తి చూడాల్సినంత ఎత్తున దేవతలా నిలబడుతుంది. గదిలో పెట్టి తలుపు వేశారా, పీడకలై వస్తుంది. విడిపిస్తానని నమ్మించి మధ్యలో కత్తి దూశారా, మంత్రగత్తె. అసలు ఇంటివైపే వెళ్ళనని మొండికేస్తే దానికీ వేరే రూపం ఉంది. మీ బుర్రలో కొత్త గొంతు కూడా చేరుతుంది, పోయినసారి మీరు ఎలా ప్రవర్తించారో దాన్నిబట్టి.

ఇక్కడికి ఒక బ్యాచ్ వస్తుంది. "ఏం చేసినా చివరికి అన్ని దారులూ ఒకే చోటికి వెళ్తాయి బ్రో, ఛాయిస్ అంతా బూటకం." బాబూ, మీరు ఎండింగులు లెక్కపెడుతున్నారు. మార్కుల లిస్టు కాదది. రైలు అందరినీ ఒకే స్టేషన్‌లో దింపుతుంది, ఎదురు సీట్లో ఎవరు కూర్చున్నారన్నదే ఈ ఆట. ఆ సీట్లో కూర్చున్నదాన్ని పుట్టించింది మీరు!

మనకి ఇది కొత్తేం కాదసలు. భేతాళుడు చేసేదేంటి? కథ చెప్తాడు, ప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే తల వెయ్యి ముక్కలవుతుంది. చెప్తే మౌనం చెడి శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. విక్రమార్కుణ్ణి వెనక్కి నడిపించేది విక్రమార్కుడి నోరే. చందమామ చదివిన ఏ పిల్లాడికైనా లూప్ అంటే ఏంటో తెలుసు. లూప్ తిరగడానికి కారణం మనమే అయ్యుండాలి. పీ.టీ.లో తలుపుకి ఆ బాధ లేదు.

"పీ.టీ. లేకపోతే ఇవేవీ పుట్టేవి కావు" అంటారా? సరే, కారిడార్ గేములకి దారి వేసిందది, కాదన్నదెవరు. కానీ అదే కారిడార్‌ని కొటాకే క్రియేట్ అనే జపాన్ డెవలపర్ 2023 నవంబర్‌లో ఎగ్జిట్ 8గా ఎలా మార్చాడో చూడండి. మెట్రో సొరంగం. తెల్ల టైల్స్, పోస్టర్లు, ఎదురుగా నడిచొచ్చే ఒక మనిషి. తేడా కనిపిస్తే వెనక్కి తిరగాలి, కనిపించకపోతే ముందుకి వెళ్ళాలి. అలా ఎనిమిదో నంబరు ఎగ్జిట్ దాకా చేరాలి, తప్పితే మళ్ళీ సున్నా. దయ్యాల హడావిడి చాలా తక్కువ, టెన్షన్ మాత్రం పీ.టీ.కి పదింతలు. ఏడో నంబరు బోర్డు దగ్గర నిలబడి, ఆ పోస్టర్‌లో కళ్ళు ఇందాక కూడా ఇటే చూస్తున్నాయా అని మిమ్మల్ని మీరే అనుమానించుకుంటారు చూడండి, అదీ హారర్ అంటే! ముందుకా, వెనక్కా, రెండే బటన్ల ఛాయిస్‌తో అతను సాధించింది, అంత పెద్ద పేర్లు పెట్టుకుని కొజిమా సాధించలేదు.

పీ.టీ. ఫ్యాన్స్, తిట్టండి, పర్లేదు. తిట్టే ముందు ఒక్క పని చేయండి. ఆ కారిడార్‌లో మీరు తీసుకున్న ఒక్క నిర్ణయం, దానివల్ల తర్వాతి రౌండులో లీసా వేరేగా మారింది అన్నది, కామెంట్‌లో రాయండి. "జూమ్ చేశాను" అని రాసినవాళ్ళ కామెంట్ పిన్ చేసి పెడతా.