జీపు కిందికి ఒకసారి దూరండి

శ్రోతలకు నమస్కారం.

దసరా వచ్చిందంటే మన నల్గొండ, పాలమూరు పల్లెల్లో పాత జీపులకు పెళ్లికళ వస్తుంది. బానెట్‌కు పసుపు కుంకుమ, బంతిపూల దండ, టైరు కింద నిమ్మకాయ. నేనూ ఏటా ఇదంతా చేసేవాణ్ని. ఇంజన్ ఆయిలు కూడా టైముకే మార్చేవాణ్ని. కానీ జీపు కింద పడుకుని పైకి చూసింది మాత్రం, ఇంజన్ బలాన్ని చక్రాల వైపు చేర్చే పొడవాటి షాఫ్టు ఊడిన రోజునే.

దేవరకొండ నుంచి డిండి వైపు పోతున్నాను. అప్పటికి ఆరు నెలలుగా, క్లచ్ వదిలినప్పుడల్లా కింద 'టంగు'మని చప్పుడు. పాత బండి కదా, ఏదో ఒకటి మోగుతుందిలే అని వదిలేశాను. ఆ రోజు వెనక కొసన కీలులా వంగే క్రాస్ విరిగి, షాఫ్టు రోడ్డు మీద ఈడ్చుకుంటూ వచ్చింది. వెనక కొస ఊడింది కాబట్టి సరిపోయింది. ముందు కొస ఊడి గుంతలో గుచ్చుకుని ఉంటే బండి ఎగిరిపడేది. ఆపి హ్యాండ్‌బ్రేక్ లాగితే జీపు మెల్లగా వెనక్కి జారింది! నా జీపులో ఆ బ్రేకు డ్రమ్ము చక్రాల దగ్గర ఉండదు, ముందు, వెనక షాఫ్టులకు బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు వెనక ఉంటుంది. షాఫ్టు లేకపోతే అది పట్టుకునేదేమీ లేదు. వెనక చక్రాల మీదే నడుస్తున్న బండి గేరులో ఉన్నా అంతే. రాళ్లు వెతికి టైర్ల కింద పెట్టాను.

వచ్చిన మెకానిక్ కిందికి దూరి, "ఏం తమ్మీ, ఎప్పుడన్న ఇట్ల పండుకొని చూసినవా?" అన్నాడు. వెనక షాఫ్టు మొత్తం విప్పి బండిలో వేశాడు. ఫోర్ వీల్ లివర్ వేసి, ముందు చక్రాల మీదే మెల్లగా ఇంటికి పొమ్మన్నాడు. టెన్షన్‌తోనే వచ్చాను గానీ, వచ్చాను.

ఆ షాఫ్టు చేసే పని కష్టమైంది. గుంతల్లో యాక్సిల్ పైకీ కిందికీ ఊగుతుంటే, షాఫ్టు వంపూ పొడవూ మారుతూనే ఉంటాయి. పొడవు మారడానికి ఒకదానిలో ఒకటి జరిగే పళ్ల గొట్టం ఉంటుంది, దాన్నే స్లిప్ జాయింట్ అంటారు. వంపు కోసం రెండు కొసల్లో క్రాసులు. ఒక్కో క్రాసుకు నాలుగు కప్పులు, కప్పు లోపల సూదుల్లాంటి సన్నని రోలర్లు. నా జీపులో ముందు షాఫ్టుకు రెండు, వెనక షాఫ్టుకు రెండు క్రాసులు, అంటే 16 కప్పులు. వాటిలో ఒక్కటి ఎండిపోయినా చాలు.

ఎండిన కప్పు అంచున మిరపకారం లాంటి ఎర్రపొడి కనిపిస్తుంది. మనవి ఎర్ర చెల్కలు కదా, మట్టేమో అనుకుంటాం. గుడ్డతో తుడిచి, నాలుగు రోజులు తిరిగి మళ్లీ చూడండి. ఒక్క కప్పు దగ్గరే ఆ పొడి మళ్లీ పడితే అది తుప్పే.

తర్వాత లూజు చూడాలి. చదును నేల మీద ఇంజన్ ఆపి, టైర్లకు ముందూ వెనకా రాళ్లు పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచండి. ఒక చేత్తో షాఫ్టును, ఇంకో చేత్తో క్రాస్‌కు అవతల దాన్ని పట్టి ఉంచే కొమ్ముల ముక్కను, అంటే యోక్‌ను పట్టుకుని ఎదురెదురుగా తిప్పండి, పైకీ కిందికీ ఊపండి. రెండూ కలిసి కొంచెం తిరిగితే అది లోపలి గేర్ల లూజు, పాత బండిలో ఉండేదే. రెంటి మధ్యలో క్రాస్ దగ్గర కదలిక కనిపిస్తే మాత్రం క్రాస్ మార్చాల్సిందే. అక్కడ గ్రీజు కొట్టి సరిపెట్టుకోవద్దు.

గ్రీజు గన్‌తో కొడుతుంటే నాలుగు కప్పుల నుంచీ పాత గ్రీజు బయటికి రావాలి. మూడింటి నుంచే వస్తే నాలుగోది మూసుకుపోయినట్టు. స్లిప్ జాయింట్‌కు మాత్రం కుక్కి కొట్టొద్దు, జరగడానికి లోపల చోటుండాలి. వాగు దాటినా, వాటర్ సర్వీసింగ్ చేయించినా ఆ వారమే గ్రీజు కొట్టిస్తాను. ముందు షాఫ్టును చాలామంది మరిచిపోతారు. ముందు చక్రాలను షాఫ్టు నుంచి విడదీసే హబ్ లాకులు లేని బండిలో ఫోర్ వీల్ వేయకున్నా, ముందు చక్రాలు దాన్ని తిప్పుతూనే ఉంటాయి.

షాఫ్టు విప్పేటప్పుడు జత కలిసే ప్రతిచోటా పెయింట్‌తో గీత పెట్టమని అడగండి. రెండు కొసల యోకులు ఒకే వరసలో ఉండాలి. ఒక క్రాస్ వల్ల తిరుగుడులో వచ్చే హెచ్చుతగ్గును రెండోది సరిచేస్తుంది. స్లిప్ జాయింట్ ఒక పన్ను తప్పినా బండి వణుకుతుంది. ఆ వణుకు స్టీరింగ్‌లో కన్నా సీటు కింద ఎక్కువగా తెలుస్తుంది. పాపం, అప్పుడు మనం టైర్ల షాపుకు పోయి డబ్బులు పోస్తాం.

ఇంకొకటి. యాసంగి కోతలప్పుడు మన రోడ్ల మీద వడ్లూ గడ్డీ ఉంటాయి. వాటి మీంచి పోతే గడ్డి షాఫ్టుకు తాడులా చుట్టుకుని, ఆయిల్ సీల్‌ను కోసేస్తుంది. ఇంటికి చేరాక ఇంజన్ ఆపి, చల్లారనిచ్చి, టైర్లకు రాళ్లు పెట్టి, కొడవలి తీసుకుని కిందికి దూరండి. పోయిన యాసంగిలో నా జీపు కింద దొరికిన గడ్డి మా బర్రెకు ఒక పూటకు సరిపోయేదే, గ్రీజు అంటుకోకపోతే.

సెలవు.