ఫోటో అక్కడే ఉంది, తెర ఎవరు వేశారు?

అందరికీ నమస్కారం.

గంగమ్మ జాతర ఫోటో ఒకటి అనుకోండి. బైరాగి వేషం. ఒళ్ళంతా తెల్లసుద్ద, నడుముకు వేపమండలు, పైన ఏమీ లేదు. మన తిరుపతి తాతయ్యగుంట దగ్గర ఏటా మే నెలలో చూసేదే. దాన్ని ఒక ఫోటోల సైటులో పెట్టారు. డల్లాస్‌లో ఉన్న మేనమామకు బ్రహ్మాండంగా కనిపించింది. మ్యూనిక్‌లో చదువుకునే చెల్లెలికి బూడిదరంగు పెట్టె మాత్రమే వచ్చింది. పక్కింటి కుర్రాడు లింకు నొక్కితే పేజీయే తెరుచుకోలేదు. మీకు మాత్రం నిక్షేపంగా కనిపిస్తోంది, ఎందుకంటే ఫోటో మీదే, మీ ఖాతాలోనే ఉన్నారు.

ఇలాంటప్పుడు ఒకరు "సెన్సార్ చేసేశారు" అంటారు, ఇంకొకరు "నెట్ సరిగా లేదులే" అంటారు. ఇద్దరూ తప్పు కావచ్చు. గుళ్ళో నైవేద్యం వేళ తెర వేస్తారు, అంతమాత్రాన మూర్తి లేనట్టు కాదు కదా. ఇక్కడా అంతే, చాలాసార్లు ఫోటో సర్వర్‌లో భద్రంగానే ఉంటుంది. తెర ఏ చోట పడిందో తేల్చుకోకుండా ఫిర్యాదు రాస్తే అది తప్పు తలుపు దగ్గరికి పోతుంది. ఈ సాయంత్రం చెప్పబోయేదంతా దీని గురించే.

మొదటి తెర ఖాతా మీద. దీన్ని అర్థం చేసుకోవడానికి 2007 జూన్‌కు వెళ్ళాలి. ఫ్లికర్ అప్పటికి మూడేళ్ళ ఫోటోల సైటు, 2005లో యాహూ కొనేసింది. ఆ జూన్‌లో ఒకేసారి ఏడు కొత్త భాషల్లోకి వచ్చింది, అందులో జర్మన్ ఒకటి. జర్మన్ వాడుకరులు సంబరపడేలోపే ఒక విషయం బయటపడింది: సేఫ్‌సెర్చ్ అనే జల్లెడను వాళ్ళు తీసేయలేరు. ఫ్లికర్‌లో ప్రతి ఫోటోకు మూడు మెట్లు ఉంటాయి: సేఫ్, మోడరేట్, రిస్ట్రిక్టెడ్. మామూలు వాడుకరి తన ఇష్టాన్ని బట్టి ఎంతవరకు చూడాలో పెట్టుకుంటాడు. జర్మనీ, సింగపూర్, హాంకాంగ్, కొరియా యాహూ ఐడీలున్న వాళ్ళకు మాత్రం సేఫ్ తప్ప ఇంకేదీ దొరకలేదు. డబ్బు కట్టి ప్రో ఖాతా తీసుకున్నవాళ్ళకూ అంతే. సొంత స్నేహితులు పెట్టిన ఫోటోలే కనపడకుండా పోయాయి.

జర్మనీలో పిల్లల రక్షణకు సంబంధించిన వయసు నిర్ధారణ నియమాలు చాలా గట్టివి, అందుకే ఇలా చేశామని కంపెనీ చెప్పుకుంది. గొడవ పెద్దదై కొద్ది రోజులకే జర్మన్లకు మోడరేట్ వరకు వదిలారు, రిస్ట్రిక్టెడ్ వదల్లేదు. తర్వాతి కాలంలో ఫ్లికర్ సహాయ పేజీలో సేఫ్ మాత్రమే చూడగల దేశాల వరుసలో ఇండియా పేరు కూడా చేరింది. మనవాళ్ళలో ఆ సంగతి గమనించినవాళ్ళు తక్కువే.

ఇక్కడ కిటుకు ఏమిటంటే, ఆ తెర మనిషి కూర్చున్న ఊరిని చూసి పడలేదు. ఐడీ ఏ దేశపు షరతుల కింద తెరిచారో దాన్ని చూసి పడింది. హాంకాంగ్ ఐడీ ఉన్నవాడు న్యూయార్క్ వెళ్ళి కూర్చున్నా తెర వెంటే ఉండేది. అమెరికా ఐడీ ఉన్నవాడు తిరుపతి బస్టాండులో కూర్చున్నా తెర ఉండేది కాదు. 2018లో ఫోటోల కంపెనీ స్మగ్‌మగ్ ఫ్లికర్‌ను కొన్నది, మరుసటేడు యాహూ లాగిన్ పోయింది. కానీ ఖాతాలో రాసిన దేశం, పుట్టిన తేదీ ఆధారంగా తెర వేసే పద్ధతి ఇవాళ చాలా పెద్ద సైట్లలో ఉంది. పుట్టిన సంవత్సరం తొందరలో తప్పు నొక్కి పద్దెనిమిది నిండనట్టు నమోదైన ఖాతాకూ ఇదే గతి.

రెండో తెర ఐపీ చిరునామా మీద, అంటే నెట్ వాడేటప్పుడు మీ కనెక్షన్‌కు ఉండే నంబరు మీద. ఆ నంబరును బట్టి మీరు ఏ దేశంలో ఉన్నారో చాలావరకు తెలుస్తుంది. ఈ ఆలోచనకు మూలం 2000లో పారిస్ కోర్టులో ఉంది. యాహూ వేలం పేజీల్లో నాజీ వస్తువులు అమ్మకానికి పెడుతున్నారని ఫ్రాన్స్‌లో కేసు వేశారు. మా సర్వర్లు అమెరికాలో ఉన్నాయి, ఫ్రెంచివాళ్ళను విడిగా గుర్తుపట్టలేం అని కంపెనీ వాదన. కోర్టు నిపుణులను అడిగింది. ఐపీని బట్టి దాదాపు 70 శాతం ఫ్రెంచి వాడుకరులను గుర్తించవచ్చు, దేశం ఏదో వాళ్ళనే చెప్పమంటే 90 శాతం దాకా పోవచ్చు అని వాళ్ళు లెక్క చెప్పారు. 2000 నవంబర్ 20న ఉత్తర్వు వచ్చింది. దేశానికొక తెర కట్టవచ్చని కోర్టు కాగితం మీద రాసింది ఆ రోజే.

ఈ తెరను ఒక్కోసారి కంపెనీయే వేసుకుంటుంది. 2025 సెప్టెంబర్ 30న బొమ్మలు దాచే సైటు ఇమ్‌గర్ బ్రిటన్ మొత్తానికి తలుపు మూసేసింది. అక్కడి డేటా రక్షణ అధికారులు పిల్లల సమాచారం మీద విచారణ నడుపుతున్న సమయమది. ఇమ్‌గర్‌లో బొమ్మ పెట్టి వేరే సైట్లలో అతికించినవాళ్ళందరికీ దెబ్బ తగిలింది: పదేళ్ళ నాటి పేజీల్లో కూడా బ్రిటన్ పాఠకులకు బొమ్మల చోట "మీ ప్రాంతంలో అందుబాటులో లేదు" అన్న పలక ఒక్కటే మిగిలింది. మీ పెళ్ళి ఫోటోల వ్యాపారపు వెబ్‌సైటు బొమ్మలన్నీ ఒకే ఉచిత సైటు నుంచి లాగుతున్నాయా? ఇవాళ రాత్రే మార్చండి.

మూడోది నెట్ ఇచ్చే కంపెనీ దగ్గర పడే తెర. ఇది మొరటుది, ఎందుకు మొరటుదో చెబుతాను. ఇప్పుడు దాదాపు సైట్లన్నీ హెచ్‌టీటీపీఎస్ మీద నడుస్తాయి. మీరు ఏ సైటుకు పోతున్నారో మీ నెట్ కంపెనీకి తెలుస్తుంది, ఆ సైటులో ఏ ఫోటో చూస్తున్నారో తెలియదు. కవరు మీద చిరునామా చదవగలదు, లోపలి ఉత్తరం చదవలేదు. కాబట్టి ఒక్క ఫోటోను ఆపమని చెబితే దాని చేతిలో ఉన్నది రెండే: ఆపకపోవడం, లేదా సైటు మొత్తాన్ని ఆపడం. 2014 డిసెంబర్‌లో మన దేశంలో 32 సైట్లు ఆగిపోయాయి, అందులో వీడియోల సైటు విమియో, ప్రోగ్రాములు దాచుకునే గిట్‌హబ్, పాత పేజీలు దాచే ఆర్కైవ్ సైటు కూడా ఉన్నాయి. ఉగ్రవాద ప్రచారం అక్కడ దొరికిందన్నది కారణం. పోస్టు వేసినవాడు ఒకడు, దారి మూసుకుపోయింది లక్షలమందికి. చైనా 2007 జూన్‌లో ఫ్లికర్ బొమ్మలను ఆపిందీ, రష్యా 2022 మార్చిలో ఇన్‌స్టాగ్రామ్‌ను ఆపిందీ ఈ తెరతోనే.

నాలుగోది సైటు తన సొంత నియమాలతో వేసేది. దీనికి దేశంతో పనిలేదు, చట్టంతోనూ పనిలేదు. మన ఫోటోలు ఎక్కువగా తగులుకునేది దీనికే.

ఇప్పుడు ఏ తెరో కనుక్కోవడం ఎలాగ? పది నిమిషాల పని. ముందు ఫోటో లింకును ఇన్‌కాగ్నిటో కిటికీలో, లాగిన్ లేకుండా తెరవండి. మీకు తప్ప ఎవరికీ కనపడకపోతే అది సైటు తెర, లేదా మీరే ప్రైవేటులో పెట్టి మరిచిపోయారు. రెండోది ఎంత తరచుగా జరుగుతుందో చెబితే నవ్వుతారు. తర్వాత ఇంటి వైఫై తీసేసి మొబైల్ డేటా మీద చూడండి, వీలైతే వేరే కంపెనీ సిమ్‌తో. ఒకదానిలో వచ్చి ఇంకొకదానిలో రాకపోతే నెట్ కంపెనీ తెర. రెండింటిలోనూ రాకుండా విదేశంలో ఉన్న బంధువుకు వస్తే ఐపీ తెర, లేదా ప్రభుత్వం చెబితే నెట్ కంపెనీలన్నీ వేసిన తెర అయ్యుండాలి. ఆ బంధువుకే లాగిన్ లేనప్పుడు కనపడి, లాగిన్ అయ్యాక మాయమైతే అతని ఖాతా మీద తెర ఉంది.

తెర మీద వచ్చే అంకె కూడా చూడండి. 404 అంటే పేజీ లేదు, లేదా లేనట్టు నటిస్తోంది. 403 అంటే ఉంది, మీకు చూపించను. 451 అంటే చట్టపరమైన కారణంతో ఆపాం అని ఒప్పుకోవడం. ఈ అంకెను 2016లో అధికారికంగా ఖరారు చేశారు, నిజాయితీగా వాడే సైట్లు మాత్రం తక్కువ. అంకె ఏదీ రాకుండా చక్రం తిరిగి తిరిగి కనెక్షన్ తెగిపోతే నెట్ కంపెనీని అనుమానించండి.

వీపీఎన్ సంగతి ఎలాగూ అడుగుతారు. వీపీఎన్ అంటే వేరే చోటి సర్వర్ మీదుగా నెట్ వాడటం. అది మార్చేది ఐపీని, నెట్ దారిని మాత్రమే. ఖాతా తెరకూ, సైటు నియమాల తెరకూ అది పనిచేయదు. పైగా ఉదయం తిరుపతి, మధ్యాహ్నం ఆమ్‌స్టర్‌డామ్, రాత్రి మళ్ళీ తిరుపతి అని కనిపించే ఖాతాను దొంగిలించారేమోనని సైటు తాళం వేస్తుంది. అప్పుడు ఒక సమస్య రెండవుతుంది.

మన చట్టం గురించి అవసరమైనంత వరకే చెబుతాను. ఐటీ చట్టంలో 69ఏ సెక్షన్ కింద కేంద్రం ఒక సమాచారాన్ని ప్రజలకు అందకుండా ఆపించగలదు. కారణాలు ఆ సెక్షన్లోనే రాసి ఉన్నాయి: దేశ సార్వభౌమత్వం, సమగ్రత, రక్షణ, భద్రత, విదేశాలతో స్నేహ సంబంధాలు, శాంతిభద్రతలు, వీటికి సంబంధించిన నేరాలకు ఉసిగొల్పడం. అశ్లీలం ఈ జాబితాలో లేదు, దానికి 67వ సెక్షన్ వేరే ఉంది. ఆపమని చెప్పినా ఆపని కంపెనీ బాధ్యులకు ఏడేళ్ళ వరకు జైలు, అందుకే కంపెనీలు వాదించకుండా ఆపేస్తాయి. ఈ సెక్షన్ కింద చేసిన 2009 నియమాల్లో 16వ నియమం ఈ ఫిర్యాదులను, వాటిపై తీసుకున్న చర్యలను గోప్యంగా ఉంచమంటుంది. ఫోటో పెట్టినవాడికి కారణం తెలియకపోవడానికి పెద్ద కారణం అదే. ఇది బాగాలేదని చెప్పడానికి న్యాయవాది కానక్కరలేదు.

జాతర ఫోటో దగ్గరికి మళ్ళీ వద్దాం. సైటులోని యంత్రం వెతికేది బట్టలు లేని ఒంటిని. బైరాగి అని దానికి తెలియదు. బండవేషంలో ఒంటికి పూసిన కుంకుమ దాని కంటికి నెత్తురు. వేషాల్లో బూతులు తిట్టడం అక్కడ మొక్కులో భాగమే అయినా, వీడియో పెడితే ఆ మాటలూ లెక్కలోకి వస్తాయి. కాబట్టి ఫ్రేములో జనం, గుడి గోపురం, వేపమండలు పట్టేలా ఒక అడుగు వెనక్కి వేసి తీసిన ఫోటో పైన ఉంచండి, దగ్గరగా తీసినవి తర్వాత. వివరణలో మొదటి వాక్యమే ఊరు, పండుగ, వేషం పేరు చెప్పాలి. ఫ్లికర్‌లో అనుమానం ఉంటే మోడరేట్ పెట్టండి. మీరు సేఫ్ అని పెట్టి, తర్వాత ఆ సైటువాళ్ళు మార్చితే ఖాతా మీద మచ్చ పడుతుంది. అయితే 2022 నుంచి మోడరేట్, రిస్ట్రిక్టెడ్ ఫోటోలు పంచుకోవాలంటే ప్రో ఖాతా ఉండాలన్నారు. ఉచిత ఖాతావాళ్ళు అలాంటివి అక్కడ పెట్టకపోవడమే మేలు.

ఇంకోటి స్వస్తిక్. కొత్త కారుకు పూజ చేయించి బానెట్ మీద పసుపుతో వేసిన గుర్తు. జర్మనీలో నాజీ చిహ్నాలను బహిరంగంగా చూపడం శిక్షాస్మృతి 86ఏ కింద నేరం, మూడేళ్ళ వరకు జైలు. మన స్వస్తిక్ ఆ చట్టం ఉద్దేశించినది కాదు, కానీ జర్మనీ వాడుకరుల కోసం పెట్టిన జల్లెడకు అంత విచక్షణ ఎక్కడిది? నాజీ గుర్తు సాధారణంగా వాలుగా, ఎర్ర నేపథ్యంలో తెల్ల వలయం మధ్య నల్లగా ఉంటుంది. మీ ఫోటోలో నాలుగు గళ్ళలోని కుంకుమ బొట్లు స్పష్టంగా రానివ్వండి, చక్రం కింద నిమ్మకాయ, కొబ్బరికాయ కూడా పట్టండి. ఎర్ర కారైతే మరీ ముఖ్యం. గుర్తు ఒక్కటే కత్తిరించి ప్రొఫైల్ బొమ్మగా పెట్టకండి.

చంటిబిడ్డల నలుగు స్నానాల ఫోటోలు. వీటికి సలహా ఒక్కటే, నెట్‌లోకి ఎక్కించవద్దు. ఆటోమేటిక్‌గా క్లౌడ్‌లోకి పోయే ఫోల్డరు నుంచి కూడా తీసేయండి. ఈ విషయంలో సైట్లు ముందు ఖాతా మూసి తర్వాత మాట్లాడతాయి. ఈమెయిల్, డ్రైవ్, ఇరవై ఏళ్ళ ఫోటోలు ఒకే ఖాతాలో ఉంటే అన్నీ కలిసి పోతాయి.

కపిలతీర్థంలో స్నానాలు చేసేవాళ్ళను తీసేవారికి ఒక హెచ్చరిక. ఐటీ చట్టంలోనే 66ఈ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా మనిషి రహస్యాంగాలు కనపడేలా తీసినా, ఎక్కించినా మూడేళ్ళ వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. లోదుస్తులు మాత్రమే ఉన్నా ఇది వర్తిస్తుంది. "బహిరంగ స్థలమే కదా" అనే వాదన నిలవదు, స్థలం ఏదైనా ఒకటేనని సెక్షన్ వివరణలోనే రాశారు. ఇక్కడ తెర వేసినవాళ్ళది తప్పు కాదు, ఫోటో తీసినవాళ్ళదే.

సరైన ఫోటోనే తీసేశారనుకుందాం. 2021 ఐటీ నియమాల ప్రకారం ప్రతి సైటుకూ ఫిర్యాదుల అధికారి ఉండాలి. 24 గంటల్లో అందినట్టు చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి అని అప్పుడు రాశారు. ఈ నియమాలను పదేపదే సవరిస్తున్నారు కాబట్టి రాసే రోజున తాజా గడువు చూసుకోండి. జవాబు నచ్చకపోతే, 2022 సవరణతో వచ్చిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి 30 రోజుల్లోపు ఆన్‌లైన్‌లో అప్పీలు వేయవచ్చు. వకీలు అక్కరలేదు.

ఫిర్యాదులో కోపం పనికిరాదు, వివరం పనికొస్తుంది. ఇలా రాయండి: "ఫలానా లింకులో ఉన్న నా ఫోటోను ఫలానా తేదీన నగ్నత్వం అనే కారణంతో తొలగించారు. ఇది తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో బైరాగి వేషం వేసిన వయోజనుడి ఫోటో. ఒంటి మీద ఉన్నది సుద్ద, నడుముకు వస్త్రం ఉంది. ఫోటో తీయడానికి ఆయన అంగీకరించారు. మీ నియమాల్లో ఏ వాక్యాన్ని ఇది మీరిందో తెలపండి, లేదా ఫోటోను తిరిగి పెట్టండి." అంతే, ఐదు వాక్యాలు. దీనికి జత చేయాల్సినవి: తొలగించినట్టు వచ్చిన నోటీసు స్క్రీన్‌షాట్, తేదీ, కెమెరా వివరాలు చెరిగిపోని అసలు ఫైలు, అదే చోట తీసిన ఇంకో రెండు ఫ్రేములు. వాట్సాప్‌లో తిరిగొచ్చిన కాపీ పంపకండి. దానిలో ఆ వివరాలు ఉండవు, ఫోటో మీదేనని అది నిరూపించలేదు.